ఎడమకి తిరగని బండి

చెవి మేస్త్రి పొద్దున్నే షెడ్డు తలుపు తీశాక చేసే మొదటి పని టీ తాగడం, రెండో పని నిన్న బాగవని బండ్లని ఒక్కొక్కటిగా తిట్టడం. ఆ రెండూ అయ్యాక స్టూలు గుమ్మం ముందు వేసుకుని, వచ్చినవాళ్ళు చెప్పేది వింటాడు. ముందు బండి చూడడు. బండికేం తొందర, అదెక్కడికీ పారిపోదు, తెచ్చినవాడి నోట్లోంచి నిజం రప్పించడమే తల ప్రాణం తోకకొచ్చే పని అంటాడు.

చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందని ఆయన ఎవర్నీ అడగడు. అది తెలిస్తే తన దగ్గరికెందుకొస్తారు? ఎప్పుడొస్తోంది, అదొక్కటే అడుగుతాడు. తొక్కినప్పుడా, కాలు తీసినప్పుడా? తిన్నగా పోయేటప్పుడా, తిప్పినప్పుడా? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? అన్నీ విన్నాక ఇనుప కడ్డీ ఒక కొస బండికి ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. తెరిచేసరికి రోగం తెలిసిపోతుంది. ఆ పేరు అలా వచ్చింది. అమ్మానాన్నా పెట్టిన పేరు ఆయన భార్యకే సరిగ్గా గుర్తులేదు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది మాత్రం, అది ఇనుము చప్పుడా, మనిషి చప్పుడా అని. ఒక బండిలో చాలాకాలం తిరిగిన మనిషి చప్పుడు ఎంతో కొంత ఆ బండిలో ఉండిపోతుంది కదా, సీటుకి పట్టిన చెమట వాసనలాగా. ఇటుకల లారీ రెండో గేరులో దగ్గుతుంది. అది దాని పాత క్లీనరు దగ్గు, మనిషి పోయి చాలా ఏళ్ళైంది. డాక్టరమ్మ కారు తలుపు వేసినప్పుడల్లా వాళ్ళ అత్తగారు "హుఁ" అంటారు. తలుపు మార్పించమంటారా అని మేస్త్రి అడిగితే, "వద్దులెండి, ఆవిడ బతికున్నప్పుడు ఇంకా ఎక్కువే అనేవారు" అంది డాక్టరమ్మ.

ఇనుము చప్పుడైతే బాగుచేస్తాడు. మనిషి చప్పుడైతే ఎవరిదో చెప్పి పంపేస్తాడు. దానికి వైద్యం లేదు, అక్కర్లేదు కూడా. వినిపించిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది, సబ్బులాగా. అరిగీ అరిగీ ఒకరోజు ఉండదు. బండ్లున్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది.

మేస్త్రి దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది లేని చప్పుడు ఉందనేవాళ్ళే. ఇంట్లో తోచక చెవులు రిక్కించుకుని కూర్చుంటారని ఆయన వాళ్ళ మీద విసుక్కుంటాడు. ఉన్న చప్పుడు లేదన్న మనిషి ఇన్నేళ్ళలో ఒక్కడే తగిలాడు. ఆ ఒక్కడూ చెల్లెలి మొగుడై కూర్చున్నాడు.

ఆయన పాలాయన. ఇళ్ళకీ టీ కొట్లకీ చిన్న వ్యానులో పాలు పోస్తాడు. మేస్త్రీ ఆయనా ఒకే ఈడు వాళ్ళు, ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ కలిస్తే ఆ షెడ్డు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వేవాళ్ళు. మేస్త్రి భార్య వంటింట్లోంచి వచ్చి, మీకు పనీపాటా లేదా అని కసురుకునేది.

ఆ నవ్వు పోయిన వానాకాలంలో ఆగిపోయింది. చెల్లెలికీ పాలాయనకీ ఒక్కతే కూతురు, ఇంకా ఆరేళ్ళు నిండలేదు. జ్వరం ముదిరి పాప కళ్ళు తేలేస్తుంటే, మొగుడూ పెళ్ళాం వ్యానులో వేసుకుని ఆసుపత్రికి బయల్దేరారు. పెద్ద రోడ్డు తవ్వేసి ఉంది, మట్టిదారిలో వెళ్ళారు. మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. వెనక చక్రం ఒకటి బురదలో దిగబడింది, రెండోది రాయి మీద గట్టిగానే నిలబడి ఉంది. వెనక చక్రాలకి ఇంజను బలం పంచే మామూలు డిఫరెన్షియల్‌కి ఒక పాడు గుణముంది. ఇంజను బలమంతా తేలిగ్గా తిరిగే చక్రానికే దోచిపెడుతుంది. బురదలో ఉన్న చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది, రాయి మీదున్నది కదల్లేదు. పాలాయన తొక్కుతూనే ఉన్నాడు. ఇదిగో వచ్చేస్తుంది, ఇదిగో వచ్చేస్తుంది అంటున్నాడు. చెల్లెలు పాపని భుజాన వేసుకుని దిగి వానలో పరుగెత్తింది. ఆసుపత్రి మెట్ల దగ్గరికి చేరేసరికి భుజం మీద బరువు మారిపోయిందని తర్వాత అన్నతో చెప్పింది, ఒక్కసారే, మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఆమె ఆ వ్యాను ఎక్కలేదు. చచ్చినా ఎక్కనంది.

చలికాలం పోయాక ఒకరోజు పాలాయన షెడ్డుకొచ్చి, స్టూలు మీద కూర్చోకుండానే, "బావా, రెండు చక్రాలకీ పట్టు ఇచ్చే సామాను ఉంటుందటగా. అది వెయ్యి" అన్నాడు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అంటారు దాన్ని. లోపల దొంతరగా పలకలుంటాయి. ఒక చక్రం ఊరికే తిరిగిపోతుంటే ఆ పలకలు ఒకదాన్నొకటి పట్టుకుని, ఆగిన చక్రానికి కూడా కొంత బలం పంచుతాయి. ఇప్పుడు దాంతో ఏం ఒరుగుతుందని మేస్త్రి అడగలేదు.  సామాను తెప్పించి, పలకల్ని నూనెలో నానబెట్టి, గేరు పళ్ళ మధ్య సందు కొలిచి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని బిగించాడు. ఆ నూనె మామూలు గేరు నూనె కాదు, ఒక మందు కలిపి పోయాలి. లేకపోతే తిప్పినప్పుడల్లా పలకలు పట్టుకుని వదిలి, పట్టుకుని వదిలి కటకటలాడతాయి.

"ఇప్పుడు దీన్ని తీసుకెళ్ళి ఖాళీ మైదానంలో మెల్లిగా ఎనిమిదులు తిప్పు బావా. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. పలకల మధ్యకి నూనె పోవాలి. ఓపికపట్టి తిప్పితే ఇంక ఏ చప్పుడూ ఉండదు" అని చెప్పి పంపాడు.

ఉండకూడదు. కానీ ఉంది. ఎండలు ముదిరేసరికి ఊరంతా అదే మాట. టీ కొట్టతను, "మీ బావగారి బండి వస్తోందంటే వీధి చివర్నించే తెలిసిపోతోంది మేస్త్రీ" అన్నాడు. సొంత చేత్తో బిగించిన సామాను, అదీ సొంత బావ బండికి, వీధిన పడి పళ్ళు నూరుతుంటే మేస్త్రికి తల కొట్టేసినట్టైంది. రెండుసార్లు కబురు పెట్టాడు. పాలాయన రాలేదు. చివరికి పాల డిపో దగ్గర పట్టుకుంటే, "చప్పుడా? ఏం లేదే. అంతా బాగానే ఉంది" అని పాల క్యాన్ల వెనక మొహం చాటేశాడు.

ఆ మర్నాడే మధ్యాహ్నం చెల్లెలు షెడ్డుకొచ్చింది. చేతిలో బట్టల సంచి.

"సంచేమిటమ్మా?" అన్నాడు మేస్త్రి, బండి కిందనుంచి బయటికొస్తూ.

"కట్టుకోడానికి నాలుగు బట్టలు. మిగతావి నువ్వెళ్ళి తీసుకురా అన్నయ్యా. నేనింక అక్కడ ఉండను."

"చెయ్యి చేసుకున్నాడా?"

"చేసుకున్నా బాగుండేది, ఇంట్లో మనిషున్నాడని తెలిసేది." ఆమె సంచి కింద పెట్టలేదు. "మధ్యాహ్నానికి అయిపోయే పని. పొద్దుగూకేదాకా రారు. ఎక్కడ తిరుగుతున్నారండీ అంటే నీళ్ళు నములుతారు. వచ్చి రెండు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకుంటారు. ఆయనకి ఇంటికి రావడం ఇష్టం లేదన్నయ్యా. నా మొహం చూస్తే ఆ రోజు గుర్తొస్తుంది కాబోలు. బండి దిగి నాతో రాలేదని నేను సాధిస్తానని భయం."

"ఎప్పుడైనా అన్నావా ఆ మాట?"

"ఒక్కనాడూ అనలేదు. ఏం లాభం? ఇద్దరం అదే అనుకుంటూ కూర్చుంటాం."

 బండి మూలిగితే కారణం చెప్పగలడు గానీ తోడబుట్టినది ఇలా నిలబడితే మేస్త్రికి చేతులాడవు. "లోపలికి పద. వదినుంది. ముందు అన్నం తిను" అన్నాడు. ఆమె షెడ్డు వెనకున్న ఇంట్లోకి వెళ్ళింది. ఆయన చేతులకున్న గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. ఒకరు ఆగకుండా తిరుగుతున్నారు, ఒకరు కదలడం లేదు, సంసారం మాత్రం దిగబడినచోటే ఉంది. బండికైతే ఏదో సామాను దొరికింది. ఆయనకి కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు, అందుకని బావ మీద పెట్టుకున్నాడు.

ఆ కోపంతోనే డిపోకి వెళ్ళి, ఖాళీ క్యాన్లు దించుతున్న పాలాయన జేబులోంచి తాళం లాక్కున్నాడు.

"బావా, పనుంది నాకు."

"నాకూ ఉంది. ఊళ్ళో నా పరువు కటకటలాడుతోంది. ఎక్కు."

పాలాయన పక్కన ఎక్కాడు. చిక్కిపోయాడు, గడ్డం మాసింది. మేస్త్రి అవేం చూడనట్టు బండి నడిపాడు. తిన్నగా పోయేటప్పుడు చప్పుడు లేదు. గట్టిగా తొక్కాడు, లేదు. కాలు తీశాడు, లేదు. పళ్ళ మధ్య సందు బాగానే ఉందన్నమాట, బేరింగులూ బాగానే ఉన్నాయి. తన బిగింపులో తప్పులేదని ఆ బాధలోనూ ఆయనకి కాస్త ఊపిరాడింది. కుడికి తిప్పాడు. వెనకనుంచి కటకటకట మంటూ ఒళ్ళు ఊగేలా చప్పుడు. ఇది పలకల చప్పుడే. ఇలాంటప్పుడు రెండో వైపు కూడా తిప్పి చూడాలి. డిపో ప్రహరీ పక్కనున్న సందులోకి ఎడమకి తిప్పబోయాడు.

పాలాయన స్టీరింగు పట్టేసుకున్నాడు. "ఎడమకి వద్దు బావా."

"ఎందుకు?"

"ఊరికే. వద్దు. కుడివైపు నుంచి చుట్టూ తిరిగి పోదాం."

మేస్త్రి బండి ఆపేశాడు. దిగి ముందు టైర్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఎడమ టైరు బయటి అంచు గీకేసినట్టు అరిగిపోయి ఉంది, కుడిది బాగానే ఉంది. ఎప్పుడూ కుడికే తిరిగే బండికి అలా అరుగుతుంది. మైదానంలో గుండ్రంగా తిరిగే సర్కసు బండికైతే అర్థముంది, ఇంటింటికీ పాలు పోసే బండికి ఇదేం అరుగుదల? ఒక ఎడమ మలుపు కావలసిన చోట మూడు కుడి మలుపులు తిరుగుతుంటే, మధ్యాహ్నానికి అయిపోవలసిన పని పొద్దుగూకేదాకా ఎందుకు సాగదు మరి. పాలాయన ఇల్లు పెద్ద రోడ్డు మీంచి ఎడమకి తిరిగితే మూడో గుమ్మం.

మేస్త్రి బండిని షెడ్డుకి తోలుకొచ్చాడు. కుడి మలుపులతోనే వచ్చాడు. బండిని అడుగు పని చేసే గుంట మీద నిలబెట్టి, కిందికి దిగి, డిఫరెన్షియల్ బిరడా విప్పి నూనె పళ్ళెంలోకి వదిలాడు. ఇనుప రజను ఉందేమోనని వేలు ముంచి చూశాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మందు కలిపిన నూనె ముక్కు పగిలేలా కంపుకొడుతుంది, ఒకసారి వాసన చూసినవాడు జన్మలో మరిచిపోడు. ఈ నూనెకి ఆ వాసన లేదు.

"ఇది నేను పోసిన నూనె కాదు" అన్నాడు గుంటలోంచి.

పైన పాలాయన కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అవి కదల్లేదు.

"మంచి నూనె తీసేసి మామూలు నూనె పోశావు. పలకలు మాడిపోతాయని తెలీదా? వానలు మొదలయ్యాక ఏ మలుపులోనో రెండు చక్రాలూ ఒక్కసారి పట్టేసుకుంటే బండి అడ్డంగా జారిపోతుంది. చచ్చిపోతావు. ఎవడు చెప్పాడు నీకిలా చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదు. నేనే పోశాను. మోత తగ్గకూడదని."

మేస్త్రి పైకొచ్చాడు. పాలాయన గోడకి ఆనుకుని కూర్చుండిపోయి ఉన్నాడు.

"నువ్వు చెప్పినట్టే మైదానానికి తీసుకెళ్ళాను బావా. మొదటి ఎనిమిదిలోనే, ఎడమ చుట్టులో, వినిపించింది. కటకటల మధ్యన. మడమలు."

ఆ మడమలెవరివో మేస్త్రికి తెలుసు. పొద్దున పూట పాలకి పాప కూడా వెళ్ళేది, ముందు సీట్లో మధ్యన కూర్చుని. బండి ఎడమకి తిరిగినప్పుడల్లా ఒళ్ళు నాన్న మీదికి వాలిపోయేది. ఆ సరదాకి మడమలతో సీటు కింద రేకుని కొట్టేది. గబగబా రెండు, ఆగి ఒకటి. మళ్ళీ రెండు, ఆగి ఒకటి. రేకు పాడవుతుందే అని మేస్త్రే ఎన్నోసార్లు కోప్పడ్డాడు. పాత డిఫరెన్షియల్ తెరిపిలేకుండా హోరుమనేది కనక ఆ మడమల చప్పుడు అందులో కలిసిపోయి ఇన్నాళ్ళూ ఎవరి చెవినా పడలేదు. కొత్త సామాను వేశాక వినిపించే చప్పుళ్ళన్నీ కొత్త సామానువి కావని ఇంతమందికి చెప్పిన మనిషి ఆ ముక్క తనే మరిచిపోయాడు.

"తిప్పినకొద్దీ తగ్గిపోతోంది" అన్నాడు పాలాయన. "నీ నూనెతో ఇంకా తొందరగా. కటకట పోతే దాంతోపాటే అదీ పోతుందని అర్థమైంది. అందుకే నూనె మార్చాను. ఎడమకి తిప్పడం మానేశాను. ఉన్నదే కొంచెం బావా. మీ చెల్లెలేమో ఈ బండి ఎక్కనంటుంది. ఏదో ఒకరోజు మనసు మారి ఎక్కితే, అప్పుడు వినిపిద్దామని దాచాను." తలవంచుకుని, "అంతా దాచలేదు. ఉండబట్టలేక అప్పుడప్పుడూ మైదానానికి వెళ్ళి ఒకసారి తిప్పుకునేవాణ్ణి. ఒక్కసారే" అన్నాడు.

అలా అని ఏడ్చాడు. పాప పోయినప్పుడు కూడా ఏడవని మనిషి షెడ్డులో, నూనె మరకల మధ్య, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. మేస్త్రికి కోపం ఎటుపోయిందో తెలీదు. ఆయనా పక్కనే చతికిలబడ్డాడు. మేనకోడలు తన భుజాలెక్కి, "మామయ్యా, నీ చెవులు ఎందుకంత పెద్దవి?" అని అడిగేది. ఆ సంగతి గుర్తొచ్చి ఆయనకీ కళ్ళు నిండిపోయాయి.

"నాకు చెప్పి లాభం లేదు బావా. చెప్పాల్సిన మనిషి లోపలుంది. సంచి తీసుకుని వచ్చేసింది. నువ్వు ఇంటికి రావడం ఇష్టంలేక తిరుగుతున్నావనుకుంటోంది."

పాలాయన తెల్లబోయి చూశాడు. ఆ సంగతి ఆయనకి తట్టనే లేదు. మలుపులు లెక్కపెట్టుకోవడంలో ఇంట్లో ఎదురుచూసే మనిషి ఏమనుకుంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

చెల్లెలు పెరటి మెట్టు మీద ఉంది. వదిన పెట్టిన కంచం పక్కన అలాగే ఉంది. పాలాయన ఆమె ఎదుట నిలబడి, చెప్పలేక చెప్పలేక, ముందు నూనె గురించి చెప్పాడు, తర్వాత టైర్ల గురించి చెప్పాడు, చివరికి మడమల గురించి చెప్పాడు. ఆమె మొదట అర్థంకానట్టు విన్నది. అర్థమయ్యాక లేచి నిలబడింది.

"ఎప్పట్నించి?"

"సామాను వేయించినప్పట్నించి."

"ఇన్నాళ్ళూ?" ఆమె చేత్తో ఆయన గుండెల మీద కొట్టింది. గట్టిగానే కొట్టింది. "నేనిక్కడ పాప గొంతు మరిచిపోతున్నానని చస్తున్నాను. దాని మొహం గుర్తుంది, గొంతు గుర్తుకు రావడం లేదు. రాత్రింబవళ్ళు అదే. మీరు దాన్ని బండిలో పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నారా? ఒక్కమాట చెబితే ఎక్కనా? పాప ఉందంటే ఎక్కనా నేను?"

"ఎక్కనన్నావు కదా."

"అన్నాను! ఎన్నో అంటాను!"

వంటింటి గుమ్మంలో మేస్త్రి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి చెప్పక తప్పని మాట చెప్పాడు. బండిని ఇలాగే వదిలేస్తే ప్రమాదం. మంచి నూనె పోయాల్సిందే, పోశాక ఎనిమిదులు తిప్పాల్సిందే. తిప్పితే పాప చప్పుడు ఎంతోసేపు ఉండదు. పోయకపోతే ఇంకొన్నాళ్ళు ఉంటుంది, కానీ వానాకాలం వచ్చేస్తోంది.

"నువ్వు చెప్పినట్టు చేస్తానమ్మా" అన్నాడు.

ఆమె మొగుడి చొక్కా గుండీ వైపు చూసింది. "మంచి నూనే పొయ్యి అన్నయ్యా" అంది. "వాన నాకు చేసింది చాలు. ఈయన కూడా జారిపోతే నేను ఎవరితో పోట్లాడను? ఉన్నంతసేపు వింటాం. ఇద్దరం వింటాం."

మేస్త్రి మళ్ళీ గుంటలోకి దిగాడు. మాడిన నూనె ఆఖరి చుక్కదాకా కారనిచ్చాడు. మందు కలిపిన కొత్త నూనె పోశాడు.  మంచి మందే పోస్తున్నాడు, అయినా ఎవరి నోట్లోనో విషం పోస్తున్నట్టుంది ఆయనకి.

మైదానం లారీలు నిలబెట్టే చోటు. సాయంత్రం పూట లారీలన్నీ వెళ్ళిపోయి ఖాళీగా ఉంది. చెల్లెలు వ్యాను తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, మెట్టు మీద కాలుపెట్టి ఎక్కింది. కిటికీ పక్కన ఒదిగి కూర్చుంది, మధ్యన చోటు వదిలేసి. పాలాయన బండి కదిపాడు.

మేస్త్రి గట్టు మీద నిలబడ్డాడు. ఆయనకి అక్కణ్ణించి ఇనుము చప్పుడే వినిపిస్తుంది, లోపలిది వినపడదు. కుడి చుట్టులో కటకట. ఎడమ చుట్టులో కటకట. వ్యాను ఎడమకి తిరిగినప్పుడు అద్దంలోంచి చెల్లెలి మొహం కనిపించింది. నోరు తెరిచి నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ మొహం చూడలేక ఆయన నేల చూశాడు. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి. నూనె పలకల మధ్యకి పాకుతోంది. కటకట మెత్తబడుతోంది. ఇంత బాగా పనిచేస్తున్న తన పనిని చూసి ఆయన ఇంత దుఃఖపడటం అదే మొదలు. ఇంకాస్త చెడ్డ పలకలు వేసి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాడు, మెకానిక్కు అనుకోకూడని మాట. పరుగెత్తుకెళ్ళి ఆ కిటికీకి చెవి ఆనించి తనూ ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంది. మేనమామ కదా ఆయన. కానీ ఉన్నది కొంచెమే, అది వాళ్ళిద్దరిది. కాలు కదపలేదు.

మెల్లిగా చప్పుడు పూర్తిగా పోయింది. ఆయన చెవికి అందని ఇనుము చప్పుడు ఉండదు, ఆ చెవికి కూడా ఇంజను తప్ప ఏమీ లేదు. అయినా వ్యాను ఆగలేదు. ఎడమకి, కుడికి, ఎడమకి. చప్పుడు లేకుండానే ఇంకా చాలాసేపు తిరిగింది. ఏమిటి ఇంకా తిప్పుతున్నాడని ఆయన ఆశ్చర్యపోయాడు. పొద్దు వాలింది. అప్పుడు ఆగింది.

పాలాయన దిగి, బండి చుట్టూ తిరిగి, వెనక టైరుని ఊరికే కాలితో తట్టి చూసుకుంటున్నాడు. చెల్లెలు అన్న దగ్గరికి నడిచి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుంది.

"అయిపోయిందా?" అన్నాడు మేస్త్రి.

"ఎప్పుడో అయిపోయింది అన్నయ్యా. మొదటి రెండు మూడు చుట్లలోనే. ఆయన మాత్రం ఆపలేదు. ఎడమకి తిప్పడం, చెవొగ్గి వినడం. ఏమీ లేకపోయేసరికి ఆయన మొహం..." ఆమె చెప్పులకున్న మట్టి దులిపింది. "చూడలేకపోయాను. చెప్పులు విప్పేసి, ఎడమకి తిరిగినప్పుడల్లా నేనే కొట్టాను. మడమలతో. రెండు, ఆగి ఒకటి. విన్నావా అన్నారు. విన్నానన్నాను."

మేస్త్రి ఆమె మడమల వైపు చూశాడు. ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"బావకి తెలియలేదంటావా?"

"తెలియకేం. పాప కాళ్ళెక్కడ, నా కాళ్ళెక్కడ. తెలిసే అడిగారు." ఆమె చెప్పులు వేసుకుంది. "పద, వదినతో చెప్పి వెళ్తాం. రేపట్నించి పాలకి నేనూ వెళ్ళాలి, పొద్దున్నే లేవాలి."